కార్లో పెద్దమ్మ

“ఇంజన్ మాత్రం ఆపొద్దు. నువ్వు కార్లోనే ఉండు, నేను పోయి చూసొస్తా” అని చెప్పి మా ఆయన దిగి, రోడ్డు దాటి, షాపులోకి వెళ్ళిపోయాడు. నేను పక్క సీటులోంచి డ్రైవరు సీటులోకి జరిగి కూర్చున్నాను.

తిరుపతిలో కారు సామాన్లు అమ్మే వీధి అది. మాకు ముందొక ఆటో, వెనకొక కొబ్బరిబోండాల బండి, ఎడమపక్క మురుగుకాలువ. కారు ముందుకూ పోదు, వెనక్కీ రాదు. ఎదురుగా షాపు అద్దాల్లోంచి మా ఆయన వీపు కనిపిస్తోంది.

పొద్దున మా కారు మొరాయించింది. అదేం కొత్త కాదు. వారమంతా నేను చిత్తూరుకు బస్సులో ఉద్యోగానికి పోతాను, ఆయనకు స్కూటరు చాలు. కారేమో అపార్టుమెంటు సెల్లారులో పడుకుని ఉంటుంది. సెలవు రోజున ఎక్కడికైనా బయల్దేరుదామని తాళం తిప్పితే టిక్కు టిక్కుమని మూలిగి ఊరుకుంటుంది. బ్యాటరీ మార్చి చూశాం. నడపని కారులో కొత్త బ్యాటరీ మాత్రం ఏం చేస్తుంది? ఈసారీ కింది ఫ్లాటాయనే తన కారు తెచ్చి పక్కన పెట్టి, రెండు వైర్లు తగిలించి లేపాడు. “కాసేపు తిరిగేదాకా ఆపకండి” అని జాగ్రత్త కూడా చెప్పాడు. ఆ చెప్పడంలో ఉన్న విసుగు నాకు అర్థమైంది. ఇంక ఆయన గుమ్మం ఎక్కకూడదు, ఆ చేతిడబ్బా ఏదో మనమే కొనుక్కుందాం అన్నాను.

ఆ డబ్బా సంగతి మా ఇంట్లో చదివినదాన్ని నేనే. జంప్ స్టార్టర్ అంటారు, చేతిలో పట్టేంత ఉంటుంది. లోపల లిథియం బ్యాటరీ, బయట ఎర్ర కొక్కీ ఒకటి, నల్ల కొక్కీ ఒకటి. కారు బ్యాటరీకి తగిలించి తాళం తిప్పితే ఇంకో కారుతో పని లేకుండా బండి లేస్తుంది. అట్టపెట్టె మీద కొట్టొచ్చినట్టు వేసే అంకె ఒక్క క్షణం మాత్రమే ఉండే ఊపు అనీ, పెట్రోలు బండికి సరిపోయేది మా డీజిల్ బండికి చాలదనీ, కొక్కీలు తారుమారుగా పెట్టినా కాలిపోకుండా లోపల రక్షణ ఉండాలనీ, బస్సులో పోతూ వస్తూ ఫోనులో చదువుకున్నాను. మా ఆయన ఒక్క ముక్క చదవలేదు. అయినా షాపులోకి పోయింది ఆయన, కార్లో కూర్చున్నది నేను. ఇదెట్లా జరిగిందో నాకే తెలియలేదు.

స్టీరింగు మీద చెయ్యి వేశాను. సన్నగా వణుకుతోంది. ఆ వణుకు వేళ్ళలోంచి మోచేతి దాకా పాకేసరికి పెద్దమ్మ గుర్తుకొచ్చింది.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. పుత్తూరు దగ్గర పల్లె వాళ్ళది. పెదనాయనకు మామిడితోపు, పంచాయతీలో పెద్దరికం, ఒక పాత తెల్ల డీజిల్ కారు ఉండేవి. ఈ మూడింటిలో ఆయన ఎక్కువగా కాపాడుకున్నది పెద్దరికాన్ని. ఒకసారి పుత్తూరు బస్టాండు ముందర, జనం మధ్యలో, ఆ కారు ఆగిపోయి మళ్ళీ లేవలేదట. పదిమంది చేరి నూకారు. నూకేవాళ్ళలో ఎవడో “ఎద్దుల్ని కట్టప్పా, తిన్నంగా పోతాది!” అని అరిచాడు. జనం గొల్లున నవ్వారు. ఆ నవ్వు ఆయన చెవిలోంచి మళ్ళీ పోలేదు.

ఆ తర్వాత ఆయన కొత్త బ్యాటరీ వేయించాడు. అయినా నమ్మకం కుదరలేదు. ఇంటి దగ్గరైతే వాకిలి ముందు మిట్ట ఉంది, దాని మీదినుంచి జార్చి లేపుకోవచ్చు, చూసేవాళ్ళుండరు. బయటికి తీసిన కారును మాత్రం మళ్ళీ ఇల్లు చేరేదాకా ఆపేవాడు కాదు. ఆపని కారును ఒంటరిగా వదిలిపెట్టలేరు కదా. ఎవరో ఒకరు కూర్చోవాలి. ఒకసారి చుట్టాలబ్బాయిని కూర్చోబెడితే వాడు గేరు పీకి గోడకు గుద్దించాడు. ఆనాటినుంచి ఆ సీటు పెద్దమ్మది.

అట్లా మా పెద్దమ్మ డ్రైవరు సీటులో కూర్చునే మనిషి అయింది. ఆమెకు కారు నడపడం రాదు. పెదనాయన నేర్పింది ఒక్కటే: “గొంతు మారితే కొంచెం తొక్కు.” చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని, పట్టుచీర కుచ్చిళ్ళు మోకాళ్ళ మీదికి సర్దుకుని, కుడికాలి బొటనవేలు ఎక్సిలేటరు మీద ఆనించి కూర్చునేది. మనం ఏదైనా చెబుతుంటే వింటూ వింటూ చటుక్కున చూపుడువేలు ఎత్తేది. అంటే నోరుమూసుకోమని. తల ఓ పక్కకు వంచి ఇంజన్ గొంతు వినేది. బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కేది. ఇంజన్ సర్దుకున్నాక వేలు దించి “ఊఁ, సెప్పు మే” అనేది.

మా చుట్టాల్లో ఎవరి పెళ్ళికి పోయినా, కల్యాణమండపం బయట తెల్లకారు, అందులో పెద్దమ్మ. “మీరు పోయి రాండి, నేను ఈడ్నే ఉంటా.” ఈ మాట ఆమె ఎంత తేలిగ్గా అనేదంటే, అందరూ దాన్ని ఆమె ఇష్టమనే అనుకునేవాళ్ళు. కారు కిటికీ ఆమెకు అరుగు అయిపోయింది. వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు అక్కడ ఆగి మాట్లాడేవాళ్ళు. పసిపిల్లల్ని కిటికీలోంచి చేతికిచ్చేవాళ్ళు. కొత్త దంపతులు కిటికీ దగ్గరికే వచ్చి వంగి దీవెన తీసుకునేవాళ్ళు. విస్తరిలో పోళీలు, పులిహోర సర్ది ఎవరో ఒకరు తెచ్చిస్తే ఒళ్ళో పెట్టుకుని తినేది. తినేటప్పుడూ బొటనవేలు అక్కడే.

అందరిలా ఆమె నగలూ చీరలూ అడిగేది కాదు. “పెండ్లికూతురు ఏడ్సిందా? వాళ్ళమ్మ ఏడ్సిందా? ఎవురెవురు ఏడ్సినారు?” అని అడిగేది. చెప్పినవన్నీ విని, తనూ కళ్ళు ఒత్తుకునేది. లోపల గట్టిమేళం మోగగానే గుప్పిట్లో దాచుకున్న అక్షింతలు మండపం వైపు విసిరేది. అవి ముందు అద్దానికి తగిలి రాలి, డాష్‌బోర్డు సందుల్లోకి పోయేవి. ఆ కారులో ఎప్పుడు చూసినా పసుపు బియ్యం ఉండేవి.

శ్రీకాళహస్తికి చుట్టాలను పూజకు తీసుకుపోవడం పెదనాయనకు గొప్ప. అన్నిసార్లు పోయినా పెద్దమ్మ గుడి లోపలికి వెళ్ళలేదు. ఒకసారి నేను ఆమెతో పాటు కార్లో ఉండిపోయాను. వేసవి. ఇంజన్ వేడి కాళ్ళ కిందినుంచి వస్తోంది, ఎండ వేడి నెత్తి మీదినుంచి. పెద్దమ్మ మెడ మీద చెమట గొలుసు వెంట దిగి రవికలోకి పోతోంది.

“నువ్వెప్పుడూ చూడలేదా పెద్దమ్మా, లోపల?”

“గోపురం కనబడతా ఉండాది గదే. సాలు.” కొంగుతో మెడ తుడుచుకుని, “లోపల సల్లంగా ఉంటాదంట గదా? రాతి నేల. కాలు పెడితే జివ్వుమంటాదంట” అంది.

నాకు ఆ వయసులో ఊపిరాడక తలుపు తీసుకుని కిందికి దూకాను. ఆమె నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వును తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది, ఆమె మీద కాదు.

ఇంటికి చేరాక కూడా ఆ ఇంజన్ ఆమెను వదిలేది కాదు. కాఫీ లోటా పట్టుకుంటే లోపల కాఫీ అలలు పోయేది. “ఒళ్ళు ఇంకా ఆడతానే ఉండాదే” అని లోటా కింద పెట్టి, చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చునేది.

ఫోను మోగింది. మా ఆయన. “రెండు రకాలున్నాయి. చిన్నది ముద్దుగా ఉంది. తీసుకోనా?”

“మనది డీజిల్ బండి. చిన్నది లేపలేదు.”

“సరిపోతుందంటున్నాడే షాపాయన.”

“కొక్కీలు తిరగేసి పెడితే ఏమవుతుందో అడగండి.”

“అవన్నీ నేను చూసుకుంటాలే. నువ్వు ఇంజన్ ఆపొద్దు” అని పెట్టేశాడు. వెనక కొబ్బరిబోండాలాయన తన బండికి చోటు చాలక నా కారు డిక్కీ మీద ఆనుకుని నిలబడ్డాడు.

నా పెళ్ళినాటికి మా అమ్మ లేదు. అమ్మ పోయాక నాయన ఒక్కడే. కన్యాదానానికి పీటల మీద దంపతులు కూర్చోవాలి. అమ్మకు అక్కా బావా ఉండగా ఇంకెవరని అడగక్కర్లేదు. పెద్దమ్మ, పెదనాయన కూర్చోవాలి. ఆ మాట ఖాయం చేసినప్పుడు పెద్దమ్మ నా రెండు చెంపలూ పట్టుకుని “మీ అమ్మ బదులు నేను ధార పోస్తానే. నీ దగ్గిర నిలబడుకోని నీ మెళ్ళో తాళి పడేది సూస్తా” అంది. అంతవరకు ఆమె దగ్గరుండి తాళి కట్టడం చూసింది తన పెళ్ళిలోనేనట. అప్పుడూ తల వంచుకునే ఉందట.

పెళ్ళి నగరి ఊళ్ళో. మండపం ముందు రోడ్డు అరచేతిలా చదునుగా ఉంది, కారు జార్చుకోవడానికి మిట్ట లేదు. పైగా మమ్మల్ని అత్తవారింటికి తీసుకుపోయేది పెదనాయన కారే. బంతిపూల దండలు కట్టి సిద్ధం చేశారు. కొత్త పెళ్ళికొడుకును ఎక్కించుకుని కారు నూకించడమంటే ఆయనకు ఉరేసుకున్నంత పని.

ముహూర్తం దగ్గరపడింది. నన్ను గౌరీపూజ నుంచి లేపబోతున్నారు. చూస్తే పెదనాయన తమ్ముడి భార్య కొత్తచీరలో పీటల దగ్గర కొంగు సర్దుకుంటోంది.

“పెద్దమ్మ యాడ?” అన్నాను.

“కార్లో ఉండాది. మీ పెదనాయన మమ్మల్ని కూసోమన్న్యాడు” అంది ఆమె ఇబ్బందిగా.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నాయనను పిలిపించాను. “నాయనా, పెద్దమ్మ వచ్చేదాకా నేను ఈడ్నించి లేవను” అన్నాను. పెళ్ళికూతురు అట్లా మాట్లాడకూడదని ఎవరో అన్నారు. నేను వినిపించుకోకుండా అక్కడే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. నాయన బయటికి పోయాడు.

కారు దగ్గర ఏం జరిగిందో నాయన తర్వాత చెప్పాడు. పెద్దమ్మ కిటికీలోంచి అంతా విందట. చూపుడువేలు ఎత్తి ఇంజన్ గొంతు విందట, అది బాగానే ఉంది. ఒకసారి కొంగుతో ముఖం తుడుచుకుని, తాళం చెవి మీద చెయ్యి వేసి తిప్పేసిందట.

ఆ చప్పుడు ఆగడం లోపలున్న నాకూ తెలిసింది. నాదస్వరం వాళ్ళు అప్పుడే ఊపిరి తీసుకోవడానికి ఆగారు. పొద్దుటినుంచి బయట డబడబమంటున్నది లేదు. పెదనాయన ముఖంలో రంగు పోయింది. ద్వారంలోంచి పెద్దమ్మ వచ్చింది. చెప్పులు కార్లోనే మరిచిపోయింది. తాళం చెవి కొంగున ముడేసుకుంది. ఎవరి వైపూ చూడకుండా నేరుగా వచ్చి పీట మీద కూర్చుంది. మగపెళ్ళివారి ముందు పెదనాయన ఏమనగలడు? ఆయనా వచ్చి పక్కన కూర్చున్నాడు.

“ఆపేసినావా?” అని పళ్ళ మధ్యనుంచి అడగడం నాకు వినిపించింది.

“ఆపేసినా.”

ధార పోసేటప్పుడు ఆమె చెంబు పట్టుకుంది. చెయ్యి వణుకుతోంది. నీళ్ళు తిన్నగా పడలేదు, సన్నగా అటూ ఇటూ ఊగుతూ పడ్డాయి. పంతులు “నిదానంగా పోయమ్మా” అన్నాడు. భయపడుతోందని అనుకున్నాడు ఆయన. అది భయం కాదని నాకు తెలుసు. గట్టిమేళం మోగినప్పుడు ఆమె నా పక్కనే నిలబడి, కళ్ళు పెద్దవి చేసుకుని, రెప్ప వేయకుండా చూసింది. అక్షింతలు చల్లడం మరిచిపోయింది.

భోజనాలయ్యాయి. బయల్దేరే వేళయింది. మగపెళ్ళివారి కుర్రాళ్ళు నవ్వుకుంటూ చొక్కా చేతులు మడుచుకుని కారు వెనక చేరారు. నేనూ మా ఆయనా వెనక సీటులో కూర్చున్నాం. పెద్దమ్మ కొంగు ముడి విప్పి తాళం చెవి కిటికీలోంచి పెదనాయనకు ఇచ్చింది. ఆయన కళ్ళు మూసుకుని తిప్పాడు.

ఇంజన్ ఒక్క తిప్పుకే లేచింది.

వెనకున్న కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. నాయన “బతికించినావు సామీ” అన్నాడు. పెదనాయన మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. అందరూ నవ్వుతున్నారు. నేను కిటికీలోంచి పెద్దమ్మను చూశాను. ఆమె నవ్వలేదు. మండపం మెట్టు మీద ఒట్టికాళ్ళతో నిలబడి ఆ ఇంజన్ చప్పుడు వింటోంది. వేలు ఎత్తలేదు. అది లేస్తుందని తెలియక ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని ఎండలు ఆ సీటులో పోయాయో ఆమెకు అప్పుడే అర్థమైందని నాకు తోచింది. ఆ ముఖం నేను మరిచిపోలేను.

ఇంక ఆమె దిగిపోతుందనుకున్నాను. లేదు. ఆ తర్వాతి పెళ్ళికి పోతే మళ్ళీ మండపం బయట తెల్లకారు, అందులో పెద్దమ్మ.

“ఇదేంది పెద్దమ్మా? అది లేస్తా ఉండాది గదా!” అని కిటికీ పట్టుకుని దెబ్బలాడాను.

“ఆ పొద్దు ఏదో నీ అదురుష్టం, లేసిందంటాడే మీ పెదనాయన” అంది. నేను ఇంకేదో అనబోతే, “నీ పెండ్లి సూసినా గదే. సాలు పో” అని నా చెయ్యి కిటికీ మీదినుంచి మెల్లగా తీసేసింది.

పెదనాయన పోయాడు. తెల్లకారును పాతసామాన్ల వాళ్ళకు ఇచ్చేశారు. పెద్దమ్మ కొడుకు కొత్త కారు కొన్నాడు. మీట నొక్కితే లేస్తుంది, మీట నొక్కితే ఆగుతుంది. ఆ కారులోనే పెద్దమ్మను చివరిసారి ఒక పెళ్ళిలో చూశాను, పుత్తూరులో. ఇంజన్ ఆగిపోయి ఉంది. కాపలా కాయడానికి ఏమీ లేదు. కొడుకు రమ్మని బతిమాలి విసిగి లోపలికి పోయాడు. పెద్దమ్మ ముందు సీటులో, అద్దం కొంచెం దించుకుని కూర్చుని ఉంది.

నేను పోయి పక్కన కూర్చున్నాను. “దిగు పెద్దమ్మా. ఇంకేముండాది ఈడ?”

ఆమె చాలాసేపు మండపం వైపు చూసింది. లైట్లు, మనుషులు, పన్నీరు చల్లే పిల్లలు.

“దిగొచ్చు మే. దిగి లోపలికి పోతే యాడ కూసోవాల్నో తెలీదే నాకు” అంది.

మొన్న ఆమె పోయినప్పుడు వెళ్ళాను. నడిమింట్లో ఐస్ పెట్టెలో పడుకోబెట్టారు. ఆ పెట్టె మోటారు ఆగకుండా మోగుతోంది. చుట్టూ అందరూ ఏడుస్తున్నారు. ఎవరెవరు ఏడ్చారో ఆమెకు చెప్పాలనిపించింది. ఒకసారి మోటారు గొంతు మారింది. నా కళ్ళు ఆమె చూపుడువేలి మీదికి పోయాయి. తర్వాత మోటారు తనంతట తానే సర్దుకుంది.

మళ్ళీ ఫోను. “పెద్దదే తీసుకుంటున్నా. నువ్వన్నావని” అన్నాడు మా ఆయన, ఏదో పుణ్యం చేసినట్టు. పక్కనుంచి షాపాయన గొంతు వినబడుతోంది: “సార్, ఒగటి మాత్రం గుర్తు పెట్టుకోండి. దీన్ని ఎండలో కార్లో వదిలేసి పోవద్దండి. మన తిరపతి ఎండకు మూసిన కారంటే పొయ్యే. ఉబ్బిపోతాది, పాడయిపోతాది. ఇంట్లో సల్లంగా ఉండేకాడ పెట్టుకోండి.”

“విన్నావా? కార్లో పెట్టకూడదంట” అన్నాడు మా ఆయన.

విన్నాను. ఒక డబ్బాకు చెప్పిన జాగ్రత్త అది. ఇంత చిన్న మాట పెద్దమ్మ గురించి మాలో ఒక్కరూ ఎన్నడూ అనలేదు. ఎదురుగా అద్దాల్లో మా ఆయన వీపు, వెనక డిక్కీకి ఆనుకున్న మనిషి, ఎడమపక్క కాలువ. చూస్తే నా కుడికాలు ఎక్సిలేటరు మీద ఆనించి ఉంది. ఎప్పుడు పెట్టానో తెలియదు. చెప్పు కూడా విడిచేశాను.

కాలు తీసి చెప్పు తొడుక్కున్నాను. తాళం తిప్పేశాను.

వీధి చప్పుడంతా ఒక్కసారిగా లోపలికి వచ్చింది. రోడ్డు వైపు తలుపు తీసుకుని దిగాను. స్కూటరు మీద పోతున్నవాడు “చూసుకో అక్కా!” అని అరిచాడు. చూసుకునే రోడ్డు దాటాను. షాపులో ఏసీ చల్లగా తగిలింది. గాజుబల్ల మీద కారు తాళం పెట్టాను.

మా ఆయన దానివంక చూసి నోరు తెరిచాడు. “ఆపేశావా? ఇప్పుడు లేవకపోతే?”

“లేవకపోతేనే కదా ఆ డబ్బా పనిచేస్తుందో లేదో తెలిసేది. తగిలించి చూపించమనండి. లేపినదాన్నే కొందాం.”

షాపాయన నవ్వి, పెద్ద డబ్బా చేతిలోకి తీసుకున్నాడు. మా ఆయన మాత్రం అద్దాల్లోంచి మెడ సాచి రోడ్డు అవతలికి చూస్తున్నాడు.

“మరి కార్లో ఎవరున్నారు?” అన్నాడు.

“ఎవరూ లేరు” అన్నాను.